మూడో చేతి కూడు

మొన్న క్రిస్మస్‌నాడు ఖమ్మంలో మా పక్కింటివాళ్ళు మాకు బిర్యానీ పంపించారు. పంపించారంటే వాళ్ళు వండి పంపించారని కాదు. ఫోన్ మీద వేలితో నొక్కితే హెల్మెట్ పెట్టుకున్న మనిషెవరో మోటారుసైకిలు మీద తెచ్చి, మొహమైనా చూపించకుండా మా గుమ్మంలో పెట్టి మాయమయ్యాడు. ఆ ప్లాస్టిక్ డబ్బా చుట్టూ టేపు వేసి, టేపు తెగి ఉంటే తీసుకోవద్దని దాని మీదే అచ్చు కొట్టారు. అసలది తెగితే కదా! మా ఆవిడ మొదట గోళ్ళతో, తరవాత కత్తితో, చివరికి పళ్ళతో దాని మీదికి దండెత్తి, ఓడిపోయి నా వంక చూసేసరికి నేను సోఫాలో పడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. ఆమెకు కోపం రావడం న్యాయమే. కాని నేను నవ్వింది ఆమెను చూసి కాదు. నాకు ఇంకొక మూత, దాని మీద ఇంకొక ముద్ర గుర్తొచ్చాయి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో భద్రాచలం అడవి అంచున బతికి బయటపడ్డ నా ఈడువాళ్ళు ఈ సంగతి చెప్తే నమ్ముతారు. మిగతావాళ్ళు నమ్మకపోయినా నాకు బాధ లేదు, నేను ఉన్నదానికి పదో వంతు మాత్రమే కలిపి చెప్తాను.

అప్పటికి నాకు ఇరవై దాటి ఒకటో రెండో. బూర్గంపాడులో మా మామూ దగ్గర, అంటే మా అమ్మ తమ్ముడి దగ్గర, పెళ్ళిళ్ళ వంట నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడమంటే ఉల్లిగడ్డలు కోయడం, గరిటె దెబ్బలు తినడం. ఆ గరిటె గురించి ఒక్క మాట చెప్పాలి. దాని కాడ నా అంత పొడుగు, దాని తల మామూ తలంత వెడల్పు, దానితో మామూ మసాలా కలిపితే ఏటి అవతల భద్రాచలంలో తుమ్మేవాళ్ళు. ఉప్పు ఎక్కువైతే నా వీపు మీద పడేది, తక్కువైతే నా వీపు మీద పడేది, సరిపోతే శభాష్ అంటూ నా వీపు మీదే పడేది. నా వీపు చూసి ఆ వారం ఎన్ని పెళ్ళిళ్ళు చేశామో మా అమ్మ చెప్పేసేది.

ఆ ఏడు మాత్రం పెళ్ళిళ్ళూ లేవు, దెబ్బలూ అంతంతమాత్రమే. వానాకాలంలో గోదావరి మా ఇంట్లోకి చుట్టంలాగా వచ్చి, అటకమీదిదాకా అన్ని గదులూ చూసి, పోతూపోతూ గిన్నెలు, గుడారం బట్టలు, కుర్చీలు, మామూ ముచ్చటపడి కొన్న రేడియో వెంట తీసుకుపోయింది. నీళ్ళు తీశాక మాకు మిగిలింది చింతచెట్టు కొమ్మల మధ్య ఇరుక్కుని వేలాడుతున్న ఒక్క డేగ్. డేగ్ అంటే వందమందికి ఒకేసారి బిర్యానీ వండే రాగి గంగాళం, మా తాత కాలంనాటిది, అందులో నేను ముడుచుకుని పడుకుంటే ఇంకొకడికి చోటు మిగిలేది. దాన్ని చెట్టు మీదినుంచి దించిన రోజున మామూ కౌగిలించుకుని ఏడ్చాడు. మామీ పుట్టింటినుంచి తిరిగొచ్చినప్పుడు కూడా ఆయన అంత ఏడవలేదని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక అడవిలో సంగతి వేరు. ఆ ఏడు మనుషులకన్నా తుపాకులు ఎక్కువ మాట్లాడాయి. లోపలివాళ్ళు, అంటే అన్నలు, రోడ్ల కింద మందు పాతిపెట్టేవాళ్ళు, బయటివాళ్ళు, అంటే పోలీసులు, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు, మధ్యలో మనం. టిఫిన్ డబ్బా దారిలో ఒంటరిగా కనబడితే త్రాచుపాము కనబడ్డట్టు కొయ్యబారిపోయేవాళ్ళం. ఒకసారి ఎవరో రోడ్డు పక్కన మరిచిపోయిన పాల క్యాను చూసి మా బస్సు డ్రైవరు బస్సును వెనక్కు నడిపించిన వేగం, ముందుకు నడిపేటప్పుడు నేను ఎన్నడూ చూడలేదు. పెద్ద చప్పుడు వినబడితే చాలు, ముసలీ ముతకా అందరం నేలమీద బోర్లా పడిపోయేవాళ్ళం. మా వీధిలో ఒక ముసలమ్మ ప్రెషర్ కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా పడుకునేది.

ఇవన్నీ చాలనట్టు అడవి లోపల ఒక ఊళ్ళో ఇంకొక యుద్ధం జరిగింది. ఆ ఊరు రెండు గూడేలు, గుట్ట మీద పై గూడెం, వాగు పక్కన కింది గూడెం. రెండింటి పెద్దలూ స్వయానా బావా బావమరుదులు. పై గూడెం పెద్దాయన అక్కే కింది గూడెం పెద్దాయన భార్య. రెండు గూడేలకూ నడుమ ఒక వరస ఇప్పచెట్లున్నాయి. ఎండాకాలం మొదట్లో పువ్వు రాలే రోజుల్లో, ఆ చెట్ల కింద మొదట ఎవరు ఊడవాలన్న మాట మీద పొద్దున మొదలైన తిట్లు మధ్యాహ్నానికి కర్రలయ్యాయి, పొద్దు వాలేసరికి గొడ్డళ్ళయ్యాయి. ఒకడి చెవి తెగి పువ్వుల బుట్టలో పడింది. ఇంకొకడి చెయ్యి భుజం దగ్గర తోలు మీద వేలాడుతుంటే దుప్పటిలో చుట్టి భద్రాచలం దవాఖానాకు మోసుకెళ్ళారు. ఎనిమిది గడ్డి ఇళ్ళు కాలాయి. నేను నవ్వులాటగా రాస్తున్నానుగాని, ఆ చేతిని చూసినవాళ్ళు చాలా రోజులు అన్నం సహించక బాధపడ్డారు.

ఆ రెండు గూడేలకూ మధ్యన ఒక తాటాకు చర్చి ఉండేది. దాని పాస్టరుగారు తల్లాడ వైపునుంచి వచ్చిన బక్కపలచటి మనిషి. ఆ రోజు రెండు చేతులూ ఎత్తి గొడ్డళ్ళ మధ్యకు పోయి, ఎవరి కర్రో తెలియకుండా తలమీద కొట్టించుకుని, కుట్లు వేయించుకుని వచ్చాడు. అప్పటినుంచీ ఆయన ప్రసంగాలు సగానికి తగ్గాయట. ఆ మొత్తం కొట్లాటలో ఊరికి జరిగిన మేలు అదొక్కటేనని రెండు గూడేలూ ఒప్పుకునేవి. ఆయన సగం ఆపిన పనిని పాస్టరమ్మ రెట్టింపు చేసింది. ఆవిడ మనిషి మా డేగ్ మూతంత ఎత్తు, గొంతు మాత్రం మైకులేని మైకు. రోజూ పొద్దున పై గూడెం, సాయంత్రం కింది గూడెం తిరిగి, తిట్లు తిని, ఒకసారి కుక్క చేత కరిపించుకుని, చివరికి పెద్దలిద్దరి దగ్గరా ఒక మాట తీసుకుంది. క్రిస్మస్‌నాటికి అందరూ కలిసి ఒక్క గిన్నెలోని కూడు తినాలి. తింటే పగ తీరినట్టు. తినకపోతే ఆ మర్నాటినుంచి ఎవరి గొడ్డలి వాళ్ళిష్టం.

ఆ అడవిలో అది పాత పద్ధతే. రక్తం కళ్ళజూసినవాళ్ళు మళ్ళీ కలవాలంటే కలిసి తినాలి, కాని ఒకరి చేతి వంట ఇంకొకరు ముట్టరు, మందు పెట్టారేమోనని భయం. అందుకని ఇరువైపులా ఏ చుట్టరికమూ లేని మూడో మనిషి వండాలి, ఊరి బయటే వండాలి, వండిన గిన్నెకు ముద్ర వెయ్యాలి, ఆ ముద్ర రెండు పక్షాల కళ్ళముందే తెగాలి. దాన్ని వాళ్ళు మూడో చేతి కూడు అనేవారు. ఏటి ఒడ్డున అంత వంట చెయ్యగలిగి, ఆ అడవిలో ఒక్క చుట్టం కూడా లేని చెయ్యి ఎవరిదయ్యా అంటే మా మామూదే. పాస్టరమ్మ వచ్చి అడిగినప్పుడు మామూ డేగ్ వంక చూశాడు, నా వంక చూశాడు, గరిటె తీసి నా వీపు మీద ఒక్కటి వేశాడు. ఒప్పుకున్నాడని నాకు అర్థమైంది.

పండగ పొద్దున్నే పెద్దలిద్దరూ చెరొక మేకను తోలుకుని బూర్గంపాడు వచ్చారు. ఒకరు మా ఇంటికి తూర్పు గోడ, ఒకరు పడమటి గోడ ఆనుకుని, ఒకరి నీడ ఇంకొకరి మీద పడకుండా కూర్చున్నారు. ఇద్దరి భుజాల మీదా గొడ్డళ్ళు. మామూ రెండు మేకలనూ కోసి కలిపేసి, ఏ ముక్క ఎవరిదో ఆ మేకలకే తెలియకుండా వండాడు. మూత పెట్టి చుట్టూ గోధుమపిండి పూసి, పెద్దలిద్దరినీ పిలిచాడు. తడిపిండి మీద వాళ్ళు చెరొక బొటనవేలు నొక్కారు. అప్పుడు కూడా, ఒకరి వేలిముద్ర దగ్గరికి ఇంకొకరి వేలిముద్ర రాకుండా గిన్నెకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఇద్దరూ రెండు వేరువేరు బస్సుల్లో ఊరికి బయల్దేరారు. కుదుపులకు మూత కదలకుండా మామూ ఇనుప తీగెతో డేగ్‌ను అడ్డంగా నిలువుగా బిగించి, దమ్ము చల్లారకుండా మూత మీద నిప్పులు పోసి, చుట్టూ తడి గోనెసంచి కట్టి, కిరాయి ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు.

అడవి దారిలో వరదకు కోసుకుపోయిన కల్వర్టు దగ్గర మా ఆటో వెనక చక్రం ఇరుసుతో సహా ఊడి, మాకన్నా ముందే ఊరికి బయల్దేరింది. డేగ్ వంగితే అడుగున మాడుతుంది, మాడితే మామూ చస్తాడు లేదా నన్ను చంపుతాడు. అందుకని ఇద్దరం, డ్రైవరుతో ముగ్గురం, దాన్ని పసిబిడ్డలా దించి, రోడ్డు మధ్యలో ఒక పెద్ద మద్దిచెట్టు నీడలో సమంగా నిలబెట్టాం.

"ఈడనే ఉండు. ఈగ వాలినా నీ తోలు తీస్త," అని చెప్పి, మామూ ఎడ్లబండి కోసం ఊరివైపు నడిచాడు. ఖాళీ అయిన ఆటో కల్వర్టు గోతిలోకి జారి కనబడకుండా పోతే, డ్రైవరు దాన్ని లాగేవాళ్ళ కోసం ఇంకొక వైపు పోయాడు.

ఈగ వాలలేదు. మూత మీది నిప్పుల పొగ సన్నగా లేచి, చెట్టు మీద ఎద్దు తలకాయంత తేనెపట్టును పలకరించింది. ఆ తరవాత జరిగింది యుద్ధం అనడానికి నాకు సిగ్గు, ఎందుకంటే ఒకవైపునుంచే జరిగింది. ఆ ఈగలు ఒక్కొక్కటి పిచ్చుకంత. నా చెవులు, కనురెప్పలు, చొక్కా లోపల మామూ గరిటె కూడా చేరని చోట్లు, అన్నీ కుట్టాయి. నేను అరుస్తూ అడవికి అడ్డంపడి పరిగెత్తి, వాగులో దూకి, ముక్కు మాత్రం బయటపెట్టి, వాటికి విసుగొచ్చేదాకా అందులోనే ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి రోడ్డుకు ఇటు అటు చెట్ల వెనక తుపాకులు కనబడ్డాయి. గాలింపుకు వచ్చిన జవాన్లు. వాళ్ళను నేను తప్పుపట్టను. నిర్మానుష్యమైన అడవి దారి నడిబొడ్డున మనిషి నడుమంత ఎత్తు రాగి పాత్ర, చుట్టూ ఇనుప తీగె, పైన పొగ. దాన్ని చూసి భోజనం గుర్తొచ్చేవాడు ఆ ఏడు ఆ జిల్లాలో పుట్టి ఉండడు. నన్ను జుట్టు పట్టి నేలకు అదిమి, వాళ్ళ ఆఫీసరు నా వీపు మీద మోకాలు పెట్టాడు. గరిటెకు అలవాటుపడిన వీపు కాబట్టి తట్టుకుంది.

"ఏందిరా అది?"

"బిర్యానీ సార్."

"బిర్యానీకి తీగె ఎందుకురా?"

"మూత ఊడకుండ సార్. పండగ సార్. ఊరోల్లకు సార్."

"అయితే పో, పోయి మూత తియ్యి. నువ్వే తియ్యి."

ఇక్కడే నాకు చావొచ్చింది. తీస్తే నేను బతుకుతాను. కాని పెద్దలిద్దరి కళ్ళముందు తెగాల్సిన ముద్ర నా చేత్తో తెగితే ఆ కూడు ఇక ఎవరూ ముట్టరు. కొట్లాటనాడు పనిమీద భద్రాచలం పోయి ఉండి, దవాఖానాలో దుప్పటి విప్పినప్పుడు ఆ చేతిని చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది మళ్ళీ కళ్ళముందు కనబడింది.

"తియ్య సార్," అన్నాను. "నేను తీస్తే ఊర్ల మనుషులు నరుక్కొని చస్తరు సార్."

జరిగిందంతా చెప్పబోయాను. ఈగలు కుట్టి గుమ్మడికాయంత అయిన మొహంతో, వణుకుతూ, ఏడుస్తూ, చెవి తెగిన సంగతీ పిండిలో వేలిముద్రల సంగతీ కలగాపులగంగా చెప్తుంటే ఆయన నా వంక ఎంతసేపో చూసి, తనవాళ్ళవైపు తిరిగి, వీడు తియ్యనంటున్నాడంటే ఇక అనుమానం లేదు, దూరంనుంచే పేల్చెయ్యండి అన్నాడు. మందు పెట్టేవాడు పాములా పాక్కుంటూ వెళ్ళి డేగ్ పక్కన ఏదో పెట్టి, వైరు పరుచుకుంటూ వెనక్కు వచ్చాడు.

సరిగ్గా అప్పుడు ఊరివైపు మలుపులోనుంచి ఎడ్లబండి వచ్చింది. బండి మీద మామూ. బండి వెనక, కూడు రావడం ఆలస్యమైతే అవతలివాళ్ళు మధ్యదారిలో ముద్ర విప్పుతారేమోనన్న అనుమానంతో, రెండు గూడేలకు రెండు గూడేలూ కదిలి వస్తున్నాయి. రోడ్డుకు కుడివైపు పై గూడెం, ఎడమవైపు కింది గూడెం, అందరి చేతుల్లో గొడ్డళ్ళు, నడుమ కుట్ల తలతో పాస్టరుగారు, ఆయన ముందు కాగితపు నక్షత్రం కట్టిన వెదురుకర్ర పట్టుకుని పాస్టరమ్మ. జవాన్లు పడుకోండి పడుకోండి అని అరిచారు. ఆ ఒక్క మాట మాత్రం ఆ ఏడు ఎవరికీ రెండోసారి చెప్పే పని ఉండేది కాదు. అంతమందీ రోడ్డు పక్కన వాన కోసిన ఒకే ఒక్క గాడిలోకి, ఎవరి గూడెం ఎవరిదో చూసుకోకుండా, ఒకరి మీద ఒకరు దూకేశారు. మామూ ఒక్కడే దూకలేదు. బండి మీద నిలబడి, "అరే, మా తాతది రా!" అని అరుస్తున్నాడు.

పేలింది.

నా జీవితంలో అంత చప్పుడు మళ్ళీ వినలేదు. మద్దిచెట్టు మోడైంది. రాగి ముక్కలు ఈల వేస్తూ తలల మీదుగా పోయి టేకు మాన్లలో దిగబడ్డాయి. ఎడ్లు బండితో సహా పారిపోయాయి, మామూ వెల్లకిలా పడ్డాడు. తరవాత, అంతా అయిపోయిందనుకున్నాక, ఆకాశంనుంచి వేడివేడిగా, నెయ్యి వాసనతో, బిర్యానీ కురవడం మొదలుపెట్టింది. టేకాకుల మీద మెతుకులు టపటపా రాలాయి. ఒక నల్లిబొక్క ఆఫీసరుగారి టోపీ మీద పడి అక్కడే కుదురుకుంది. ఆయన చాలాసేపు దాన్ని తియ్యలేదు. చివరికి తీసి వాసన చూసి, నా వైపు తిరిగి, మొట్టమొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు.

గాడిలోనుంచి జనం ఒక్కొక్కరే లేచారు. లేచి, ఎవరి మీద ఎవరు పడి ఉన్నారో చూసుకున్నారు. అందరికన్నా అడుగున కింది గూడెం పెద్దాయన, ఆయన మీద అడ్డంగా ఆయన బావమరిది. ఇద్దరి చేతులూ గొడ్డళ్ళను వెతుక్కున్నాయి. గిన్నె లేదు, కూడు లేదు, మాట తప్పిపోయింది, రేపటిదాకా ఆగేటట్టు కూడా లేరు.

"ముద్ర పోయింది," అన్నాడు పై గూడెం పెద్దాయన. "కూడు పోయింది. ఇగ నా మాట లేదు."

"నాది గూడ లేదు," అన్నాడు కింది గూడెం పెద్దాయన, ఇంకా బావమరిది కిందనే ఉండి.

పాస్టరమ్మ గాడిలోనుంచి లేచింది. నక్షత్రం చిరిగి కర్రకు ఒక కొస మాత్రం మిగిలింది. చీర నిండా మట్టి, కొప్పు నిండా మెతుకులు. ఆవిడ ఆ కర్రను ఇద్దరి మధ్యనా నేలలో గుచ్చి, అడవి అదిరేటట్టు అరిచింది.

"ముద్ర ఎక్కడ తెగింది పెద్దయ్యా? మీ ఎదురుంగ తెగలేదా? ఇద్దరు చూడలేదా? ఇంత గట్టిగ తెగిన ముద్ర మీ తాతలైనా చూసిండ్రా?"

పై గూడెం పెద్దాయన టేకు మానులో దిగబడ్డ రాగి ముక్క వంక చూశాడు.

"ఒక్క గిన్నెల కూడు గాదా ఇది? మూడో చెయ్యి వండింది గాదా? మీకు వడ్డించే కష్టం గూడ లేకుండ నెత్తిమీదనే పడె. ఇగ దేనికి జూస్తున్రు, తినుండ్రి!"

కింది గూడెం పెద్దాయన బోర్లా ఉన్నవాడల్లా మెల్లగా తల తిప్పాడు. బావమరిది తలపాగా మడతలో ఒక మాంసం ముక్క, దాని చుట్టూ నాలుగు మెతుకులు. చెయ్యి చాపి తీసుకున్నాడు. ఎవరి మేకదో చూడబోయినట్టు అటూ ఇటూ తిప్పి, నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"ఉప్పు తక్కువున్నది బామ్మర్దీ," అన్నాడు.

"ఉప్పు తక్కువనా!" అని మామూ రోడ్డు మీద పడుకునే అరిచాడు.

పై గూడెం పెద్దాయన భుజాలు ఊగడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వుతూనే బావ మీసంలో ఇరుక్కున్న మెతుకు ఒకటి గిల్లి తీసి తిన్నాడు. ఆ నవ్వు గాడి పొడుగునా పాకింది. ఒకరి జుట్టులోంచి ఒకరు, ఒకరి భుజం మీదినుంచి ఒకరు ఏరుకుని తినడం మొదలుపెట్టారు. చెవి లేనివాడికి ఆ చెవి తీసినవాడే టేకాకులో ఇంత పోగుచేసి ఇచ్చాడు. జవాన్లు బూట్లు విప్పి చెట్లెక్కి కొమ్మల మీది ముక్కలు దులిపారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తానని నిలబడి, ఒకే ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. అంత మంచి ప్రార్థన నేను ఏ మతంలోనూ వినలేదు. వెదురుకర్ర కొనన చిరిగిన నక్షత్రం కింద ఎవరో పాట ఎత్తుకున్నారు, డోలు లేకపోతే గొడ్డలి వెనకవైపుతో రాగి ముక్కల మీద దరువు వేశారు. ఆ ఏడు ఆ అడవిలో అంతమంది ఒకేసారి నవ్వడం నేను విన్నది ఆ మధ్యాహ్నమే. మామూ మాత్రం డేగ్ ముక్కలు ఏరుతూ ఏడుస్తున్నాడు, ఏరుతూ ఏరుతూ మధ్యలో ఒక మెతుకు నోట్లో వేసుకుని, ఉప్పు సరిగ్గానే ఉన్నదని నాతో ప్రమాణం చేయించుకున్నాడు.

నిరుడు క్రిస్మస్‌కు పనిమీద ఆ వైపు పోయాను. నల్లటి తారు రోడ్డు, కరెంటు దీపాలు, ఫోనుకు సిగ్నలు. తాటాకు చర్చి పోయి రెండు గూడేలకూ రెండు సిమెంటు చర్చిలు వచ్చాయి, రెండు మైకులు, రెండు వంటలు. గొడ్డలి పట్టినవాడు ఒక్కడూ కనబడలేదు. పెద్దలిద్దరూ పోయి చాలాకాలమైంది. కింది గూడెం పెద్దాయన మనవడు నాకు మర్యాదగా కుర్చీ వేసి, ప్లేటు నిండా బిర్యానీ పెట్టాడు, చాలా బాగుంది. పై గూడెంలో ఈసారి ఏం వండారని అడిగితే, వాళ్ళ సంగతి మాకు తెలియదండీ, మాకూ వాళ్ళకూ ఏ గొడవా లేదు అన్నాడు. నిజమే, వాళ్ళ చేతి వంట మీద వీళ్ళకు అనుమానం లేదు, వీళ్ళ చేతి వంట మీద వాళ్ళకూ లేదు. అనుమానం రావాలన్నా, ముందు ఒకరి గుమ్మంలోకి ఒకరు రావాలి కదా.